కొలతకు నిలబడ్డ మనిషి

ఆ ఏడు ఎండలు ముదరకముందే మా ఆయనకు మళ్ళీ ఆ ఒడ్డు పని వచ్చింది. సముద్రం కొండను ఎంతెంత కొరుక్కు తింటోందో లెక్క చూసే ఆఫీసు ఒకటుంది. ఆరేళ్ళ కిందట మా ఆయన తీసిచ్చిన ఫోటోలు వాళ్ళ దగ్గరున్నాయి. ఇప్పుడు అవే చోట్ల నుంచి, అదే కెమెరాతో, అచ్చం అలాగే మళ్ళీ తీసివ్వాలట. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుంటే పోయిందేదో తెలుస్తుందని వాళ్ళ ఆలోచన.

పోయిందేదో మా ఇంట్లో తెలియంది ఎవరికి? ఆ పని మీద వెళ్ళినప్పుడే, ఆ ఒడ్డునే ఆయన మొదటి భార్య పోయింది. అల వచ్చి లాక్కుపోయిందని నా సంబంధం కుదిరినప్పుడు చెప్పారు. అంతకుమించి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎనిమిదో తరగతిలోనే బడి మాన్పించిన పిల్లని. ప్రశ్నలు వేయడం నాకు అలవాటు కాకముందే కాపురానికి వచ్చేశాను.

పని ఒప్పుకోరేమో అనుకున్నాను. ఒప్పుకున్నారు. అయితే ప్రతి ఫోటోలోనూ రాయి పక్కన ఒక మనిషి నిలబడాలి. మనిషి ఉంటేనే కొండ ఎంతుందో చూసేవాళ్ళకు అందుతుంది. అందుకు ఆయన స్నేహితుడొకాయన వస్తానని, తీరా బయల్దేరే ముందు నడుం పట్టేసిందని మంచమెక్కాడు. మా ఆయన లెన్సు తుడుచుకుంటూ, తల ఎత్తకుండానే, "పోనీ నువ్వొస్తావా?" అన్నారు.

వస్తానన్నాను. భయంతోనూ, సంతోషంతోనూ. ఐదేళ్ళ కాపురంలో, ఊళ్ళో అందరి ఫోటోలూ తీసే మనిషి నాది ఒక్కటీ తీయలేదు. నన్ను పల్లెత్తు మాట అన్నది లేదు, తిండికీ బట్టకీ లోటు చేసిందీ లేదు. నాతో మాట్లాడేటప్పుడు నా భుజం మీదుగా వెనకాల గోడను చూసేవారు, అంతే. ఆ ఇంట్లో నా చోట ఎవరో నిలబడి ఉన్నట్టూ, ఆ మనిషి పక్కనుంచి నేను తొంగిచూస్తున్నట్టూ ఉండేది. ఒక్కసారి ఆయన నన్ను నన్నుగా చూస్తే చాలు, ఇంకేం అక్కర్లేదనుకునేదాన్ని. ఆ ఆశతోనే పాపను చంకనేసుకుని బయల్దేరాను.

*

ఒడ్డు మీద మేం దిగిన లాడ్జిలో తలుపు గడియలన్నీ ఉప్పుగాలికి తుప్పు పట్టి, వేస్తే రావు, వస్తే పడవు. గది కింద ఎక్కడో బండల సందుల్లో నీళ్ళు దూరి బయటికొచ్చే చప్పుడు. మంచం మీద పడుకుంటే ఎవరో మన కిందే ఊపిరి తీసుకుంటున్నట్టుంటుంది. పాపకు అదో ఆట. చెవి నేలకు ఆనించి, "కింద పెద్దావిడ నిద్రపోతోందమ్మా" అనేది. నేను దాన్ని లేపి మంచం మీద కూర్చోబెట్టేదాన్ని.

పౌర్ణమికి అటూ ఇటూ రోజుల్లో అక్కడి సముద్రానికి పట్టపగ్గాలుండవు. పోటు మీద ఉంటే కొండ పాదాల దాకా ఎక్కేస్తుంది. తగ్గితే మాత్రం మామూలు రోజుల్లో కంటికి కనపడని రాళ్ళన్నీ బయటపడేంత వెనక్కి పోతుంది. ఆ కాసేపట్లోనే దిగి, ఫోటో తీసుకుని, నీళ్ళు మళ్ళి మీదికి రాకముందే పైకి వచ్చెయ్యాలి.

మొదటి రోజు పాప నడుముకు నా శాలువా కట్టి, రెండో కొస కెమెరా పెట్టెకు ముడేశాను.

"అదేమన్నా మేకపిల్లా?" అన్నారు ఆయన.

"మేకపిల్లకైతే ఇంత భయపడనండీ" అన్నాను.

పని మొదలుపెట్టే ముందు ఆయన నన్ను పిలిచి కెమెరా మీది నల్లగుడ్డ కిందకు తల పెట్టి చూడమన్నారు. వెనకాల అద్దం మీద కొండ తలకిందులుగా వేలాడుతోంది. సముద్రం పైన, ఆకాశం కింద. ఆ అద్దం మీద పల్చటి కాగితం ఒకటి అతికించారు. పాత ఫోటోలో కొండ అంచులెక్కడున్నాయో, రాళ్ళెక్కడున్నాయో అన్నీ పెన్సిల్ గీతలుగా దాని మీద దింపుకున్నారు. ఈ గీతల మీద ఇవాళ్టి కొండ సరిగ్గా కూర్చునేదాకా కెమెరాను జరుపుకోవాలి. గీతలన్నిటి మధ్యా ఒక మనిషి ఆకారం కూడా ఉంది. కళ్ళూ ముక్కూ ఏమీ లేవు, చుట్టూ గీత మాత్రమే. తలకిందులుగా ఉన్నా ఆడమనిషని తెలుస్తోంది.

"ఈ మనిషి..." అన్నాను.

"కొలతకు నిలబడ్డ మనిషి" అన్నారు. "నువ్వు సరిగ్గా అక్కడ నిలబడాలి."

వెళ్ళి నిలబడ్డాను. గుడ్డ కిందనుంచి ఆయన గొంతు వచ్చేది. కొంచెం కుడికి, ఇంకొంచెం, అబ్బే, అంత కాదు. నేను ఆ గీతలోకి దూరేదాకా జరిపేవారు. చేతులెలా పెట్టుకోవాలో, తల ఎటు తిప్పాలో కూడా చెప్పేవారు. మనసుకు కొంచెం ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది. కానీ ఇంత సేపు ఆయన నా వంకే చూడటం అదే మొదలు. ముల్లుంటే ఉండనీ అనుకున్నాను.

మొదటి రెండు మూడు చోట్లా పని చక్కగా సాగింది. ఆయన ముఖం తేటపడింది. "నువ్వు కాస్త పొట్టి. తల దగ్గర ఖాళీ మిగిలిపోతోంది" అన్నారొకసారి.

"గీసేటప్పుడే చూసుకోవాల్సింది" అన్నాను. ఆయన నవ్వారు. గుడ్డ కింద నవ్వారు కాబట్టి నాకు కనపడలేదుగానీ, వినపడింది. ఆ నవ్వును ఆ పూటంతా చప్పరిస్తూ తిరిగాను.

*

లాడ్జి నడిపే ఆవిడ పాపకు తల దువ్వుతూ ఒక మధ్యాహ్నం నన్ను కదిలించింది. ఆయన కొత్త ఫిల్ములు సర్దుకోవడానికని గదిలో తలుపేసుకున్నారు. మీ ఆయన నాకు కొత్త కాదమ్మాయ్, అంది. చెప్పాలో వద్దో అని నోట్లోనే కాసేపు నానబెట్టి, చివరికి బయటపెట్టింది.

"అల లాక్కుపోయిందని చెప్పుంటారు నీకు. ఆ పూట అంత అలే లేదమ్మా. నీళ్ళు తగ్గి ఉన్నాయి. సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ చివరి రాయేమో మా వసారా అంత వెడల్పు. పిల్లి కూడా జారిపడదు. పొద్దున్నే ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు, ఈ గోడ అవతలనుంచి నా చెవులారా విన్నాను. పుట్టింటికి పోతానని ఆ పిల్ల, ఇంకొక్క పూట ఆగమని ఈయన. తనంతట తనే దిగిపోయిందని అప్పుడు అందరూ అనుకున్నారు."

"ఆయనో?" అన్నాను.

"ఆయన ముఖం చూసినదాన్ని కాబట్టే చెప్తున్నా. ఆయనా అదే అనుకున్నాడు." పాప జడకు రిబ్బను ముడేసి, "నేను చెప్పానని అనకు తల్లీ" అంది.

ఆయన చూసే గోడ మీద ఐదేళ్ళుగా ఏముందో అప్పుడర్థమైంది. చచ్చిపోయిన మనిషైతే ఏడ్చి ఊరుకోవచ్చు. వదిలేసి పోయిన మనిషిని ఏం చేసుకోవాలి?

*

ఆఖరి రోజు ఆఖరి రాయి. సముద్రంలోకి నాలుక చాపినట్టు ఉంటుంది. ఆ రోజు ఎవరూ చెప్పకుండానే పాపను లాడ్జి ఆవిడ దగ్గర వదిలేశాను. దారిలో ఆయన, ఈ రాయి దగ్గర మనిషి అక్కర్లేదు, కొలకర్ర పెడదాం అని మాత్రం అన్నారు. ఎర్రా తెల్లా పట్టీలు వేసిన కర్రను రాయి మీద నిలబెట్టారు. గాలి దాన్ని పడేసింది. రాళ్ళు పేర్చి మళ్ళీ నిలబెట్టారు. మళ్ళీ పడేసింది. నీళ్ళు మళ్ళే వేళ దగ్గరపడుతోంది.

"నేను నిలబడతాను" అన్నాను.

ఎందుకన్నానో అప్పుడు ఎవరైనా అడిగితే, పని ఆగిపోతుందని అని చెప్పేదాన్ని. అది కాదు. ఆ మొదటావిడ వెళ్ళిపోవాలనుకున్న చోటు ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఆయన నల్లగుడ్డ నెత్తిన వేసుకున్నారు.

రాయి నిజంగానే వెడల్పు. పాచి ఎండి గరగరలాడుతోంది. నడిచి వెళ్ళి, ఆయన వైపు తిరిగి నిలబడ్డాను. వెనకాల నీళ్ళు లోతుగా, అరవకుండా, లోపల్లోపలే తిరుగుతున్నాయి.

"వెనక్కి" అన్నారు. జరిగాను.

"ఇంకొంచెం. గీతకు ఇంకా ఇవతలే ఉన్నావు."

పాదం వెనక్కి వేసి తడుముకున్నాను. మడమ కింద గాలి తగిలింది. మెడ తిప్పి చూశాను. రాయి అక్కడితో అయిపోయింది. అంచు నున్నగా లేదు, పదునుగా, రొట్టె ముక్క విరిచినట్టు ఉంది. దాని కింద నిట్టనిలువున నీళ్ళు.

"ఇక్కడితో అయిపోయిందండీ. వెనకాల రాయి లేదు."

"ఉంది" అన్నారు గుడ్డ కిందనుంచి. విసుగు లేదు, కోపం లేదు. రోజూ ఇంట్లో మాట్లాడే గొంతే. "ఉంది కదా. పోయినసారి నిలబడ్డావుగా."

నేను కదల్లేదు. గాలికి నల్లగుడ్డ కొట్టుకుంటోంది, దాని కింద ఆయన మాత్రం శిలలా ఉన్నారు. ఆ అద్దంలో నేను తలకిందులుగా ఉంటాను కదా అని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. ఈయనకు నేను కింద పడుతున్నట్టు కనిపిస్తానా, పైకి లేస్తున్నట్టా?

చాలాసేపటికి గుడ్డ తొలగించి తల బయట పెట్టారు. నన్ను చూశారు. నా భుజం మీదుగా కాదు, నన్నే. ఐదేళ్ళుగా కోరుకున్న చూపు. దయ్యాన్ని చూసినట్టు ఉంది.

"అక్కడే ఉండు" అన్నారు. "కదలకు. అక్కడ చాలు."

ఫోటో తీశారు. గీతకు బయటే నిలబడ్డాను నేను.

*

ఆ సాయంత్రం గదిలో, పాప నా ఒడిలో ఆడుకుంటుండగా, ఆయన చెప్పుకొచ్చారు. అడక్కుండానే. ఏ చోటైనా రెండు ఫిల్ములు తీయడం ఆయన పద్ధతి, ఒకటి చెడితే ఇంకొకటి ఉంటుందని. నేనూ చూస్తూనే ఉన్నాను. ఆ రోజూ ఆమె రాయి మీద ఉండగా మొదటిది తీశారు. వంగి ఫిల్ము మార్చారు. వెలుగు పోతోందన్న తొందరలో, మనిషి ఎలాగూ అక్కడే ఉందికదా అని, తల ఎత్తకుండానే రెండోది తీసేశారు. ఎత్తి చూస్తే రాయి మీద ఎవరూ లేరు. పరుగెత్తేసరికి నీళ్ళు మళ్ళి రాయి చివరను కప్పేస్తున్నాయి. ఎవరెవరో వచ్చి పట్టి వెనక్కి లాగారు. ఇంటికి వచ్చాక ఆ రెండో ఫిల్మును కడిగి ఎర్ర దీపం కింద ఒక్క క్షణం చూశారట. రాయి మీద మనిషి లేదు. అంతకంటే ఇంకేం చూడాలి? నల్లకాగితంలో చుట్టి పెట్టేశారు.

"అయితే రాయి విరిగి పడిందన్నమాట" అన్నాను. "ఆమె నిలబడ్డ చోటే లేదు కదండీ ఇప్పుడు."

"ఆరేళ్ళలో ఎప్పుడైనా విరిగి ఉండొచ్చు" అన్నారు.

అవును, ఉండొచ్చు. కింద నీళ్ళు ఊపిరి తీసుకుంటున్నాయి. పాప గోడ వైపు చూసి ఎవరికో టాటా చెప్పింది.

*

ఇంటికి వచ్చాం. ఫోటోలు కడగడం, ఆఫీసుకు పంపడం అయిపోయింది. ఎండలు ముదిరాయి. ఆయన స్టూడియోకు వెళ్తున్నారు, వస్తున్నారు, తింటున్నారు. పాపతో ఆడుకుంటూ ఆడుకుంటూ మధ్యలో ఆగిపోయేవారు. నాకేమో గుమ్మంలో నిలబడితే చాలు, చుట్టూ ఎవరో పెన్సిల్ గీత గీస్తున్నట్టుండేది. ఒక రోజు ఆయన బల్ల మీద ఆ ఆఖరి రాయి తాలూకు పల్చటి కాగితం కనబడింది. ఆఫీసు కోసం దాని మీద కొత్త గీతలు కూడా దింపారు. రాయి చివర ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఆమె వెనకాల, నేను ముందు. నేను తొంగిచూడటం కాదు, ఆమే నా భుజం మీదుగా చూస్తున్నట్టుంది.

ఇంటి పనయ్యాక నేను కిటికీ దగ్గర కూర్చుని స్టూడియో నెగటివుల మీద పెన్సిల్‌తో టచింగ్ చేస్తాను. మచ్చలు మాపడం, ముడతలు తగ్గించడం. తెల్లటిది నల్లగా, నల్లటిది తెల్లగా ఉండే ఆ లోకం నాకు ఆయనే నేర్పారు. ఒక మధ్యాహ్నం, పాప లోపల నిద్రపోతుంటే, ఆయన వచ్చి నా టచింగ్ బల్ల మీద నల్లకాగితం పొట్లం ఒకటి పెట్టారు. పెట్టి, నాకు వీపు చూపించి నిలబడ్డారు.

"నువ్వు చూడు" అన్నారు.

"నేనా?"

"నా వల్ల కాదు. నువ్వు చూసి చెప్పు. నువ్వేం చెప్తే అదే."

కాగితం విప్పాను. నెగటివును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాను. పాచి పట్టిన పాత రాయి నెగటివులో తెల్లగా, పాలరాయిలా ఉంది. మనిషి లేదు. చూపును రాయి చివరకు నడిపించాను, ఆ రోజు నేను నడిచినట్టే. అంచు దగ్గర కాటుక పూసినట్టు చిక్కటి నలుపు. ఎండా వానా ఇంకా తగలని లోపలి రాయి, పచ్చిగా, అప్పుడే బయటపడి మెరిసిపోతే నెగటివులో అలాగే నల్లగా పడుతుంది. ఆ నలుపు అంచు నాకు తెలుసు. మడమతో తడిమి చూసిన అంచు. దాని కింద నీళ్ళలో ఏదో పెద్దది పడి చెదిరిన నురుగు, అదీ నల్లగానే.

వెంటనే చెప్పలేదు. ఆమె వదిలేసి పోయిందనుకున్నంత కాలం ఆయనకు ఆమె మీద ఒక కోపం ఉంది. పైకి కనపడకపోయినా ఉంది. ఆ కోపం పక్కన మిగిలిన జాగాలోనే నేను ఇన్నేళ్ళు కాపురం చేసుకొచ్చాను. ఇప్పుడు విరిగిందని చెప్తే ఆమె వెళ్ళలేదన్నట్టు. వెళ్ళని మనిషి ఎక్కడికి పోతుంది? ఇంట్లోనే ఉంటుంది. రాయి చెక్కు చెదరలేదండీ అని ఒక్క మాట అంటే ఆ పొట్లం మళ్ళీ మూతపడుతుంది. ఆయన నెగటివు వంక చూడరు. నేనేం చెప్తే అదే.

ఆయన వీపు చూశాను. చొక్కా భుజాల దగ్గర చెమటకు తడిసి అంటుకుపోయింది. ఫలితం చెప్తారని డాక్టరు గది బయట నిలబడేవాళ్ళు అలా నిలబడతారు.

"విరిగింది" అన్నాను. "రాయి విరిగి పడిపోయింది. ఆమె ఎక్కడికీ పోలేదండీ."

"మళ్ళీ చెప్పు."

"అంచంతా పచ్చిగా ఉంది. అప్పుడే విరిగింది. చెప్పినచోటే నిలబడి ఉంది ఆమె. తన కాళ్ళ కింద రాయే పోయింది."

ఆయన గోడకు చెయ్యి ఆనించారు. తర్వాత నెమ్మదిగా, ఆ గోడ పట్టుకునే, కింద కూర్చున్నారు. నేను దగ్గరకు వెళ్ళలేదు. ఆ పక్కన నాకు చోటు లేదని తెలుస్తూనే ఉంది. నెగటివును మళ్ళీ నల్లకాగితంలో పెట్టి, పాప కదిలినట్టు అనిపిస్తే లోపలికి వెళ్ళాను.

అప్పుడు వినపడింది. ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచారు. ఆ పేరు చుట్టాలందరి నోటా విన్నదే, ఆయన నోట మాత్రం అదే మొదటిసారి. ఒకసారి పిలిచి ఆగారు. మళ్ళీ పిలిచారు, ఇంట్లో పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు, తేలిగ్గా, చివర కొంచెం సాగదీసి. నా పేరు ఆయన ఎప్పుడూ అలా సాగదీయలేదు.

పాప కళ్ళు నులుముకుంటూ లేచి కూర్చుంది. "నాన్న ఎవర్ని పిలుస్తున్నాడమ్మా?"

"మీ పెద్దమ్మని."

"వస్తుందా?"

"వచ్చింది" అన్నాను.

పాప తలుపు వైపు చూసింది. నేను దాన్ని దుప్పటితో సహా ఒళ్ళోకి తీసుకుని, మంచం మీద కాస్త పక్కకు జరిగి కూర్చున్నాను.